పన్నెండు మెట్లు, ఖాళీ బకెట్టు

రెండు వేల ఐదో సంవత్సరం జూన్ నెల మొదటి సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు నేను అమీర్‌పేటలో ఒక సంగీత పాఠశాలలో ఆయాగా డ్యూటీలో చేరాను. అంతకు ముందు పదకొండేళ్ళు సనత్‌నగర్‌లో ఒక మందుల ఫ్యాక్టరీలో, సీసాలు కడిగే సెక్షన్‌లో పనిచేశాను. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇటు వచ్చాను. నా చదువు ఐదో తరగతి. ఆయా ఉద్యోగం గురించి ఎవరూ రాయరు కనుక అందులో రాయడానికి ఏమీ లేదని జనం అనుకుంటారు. అందులోనూ పద్ధతి ఉంది, హోదా ఉంది.

హోదా సంగతి ముందు చెబుతాను. పాఠశాలలో అందరికన్నా పైన ఓనరు మూర్తి గారు. ఆయన కింద మాస్టర్లు, వారి కింద రిసెప్షన్ అమ్మాయి, ఆ తరువాత నేను. నా కింద ఎవరూ లేరు. బిల్డింగు వాచ్‌మన్ యాదగిరి మాత్రం తాను నాకన్నా పై మెట్టులో ఉన్నట్టు మాట్లాడేవాడు. అతనికి జీతం ఇచ్చేది బిల్డింగు యజమాని, నాకు ఇచ్చేది పాఠశాల, అందుచేత మన మధ్య పైనా కిందా లేదని మొదటి వారంలోనే తేల్చి చెప్పాను.

బిల్డింగులో కింద టిఫిన్ సెంటరు, మొదటి అంతస్తులో జావా నేర్పేవాళ్ళు, రెండో అంతస్తులో సగం సాఫ్ట్‌వేరులో తప్పులు పట్టే టెస్టింగ్ టూల్స్ కోచింగ్, మిగిలిన సగం మా పాఠశాల. అప్పట్లో అమీర్‌పేటలో గోడ అనేది కనిపించేది కాదు, అంతా కోచింగుల కాగితాలే. పిల్లలు జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండి, పగలు కంప్యూటరు కోర్సు చేసి, సాయంత్రం ఖాళీ దొరికితే ఇంకేదైనా నేర్చుకునేవారు. అలాంటి వాళ్ళే మా గిటారు బ్యాచ్. మొత్తం ఐదుగురు.

గిటారు క్లాసు మొదట రెండో అంతస్తులోనే జరిగేది. గిటారు మాస్టారు విక్టర్ సారు కాలితో నేలను తన్ని తాళం వేస్తాడని, ఆ అదురుకు తన శ్రుతి చెదురుతోందని వీణ మాస్టారు ఫిర్యాదు చేశారు. దాంతో ఆ క్లాసును డాబా మీది గదికి పంపారు. ఈ కథకు కారణం ఆ గది కాదు, ఆ గదికి వెళ్ళే మెట్లు.

రెండో అంతస్తు నుంచి డాబా గదికి పన్నెండు మెట్లు. అది ప్లానులో లేని గది, అందుచేత మెట్లు కూడా ప్లానులో లేనివే. ఒక పక్క నీళ్ళ ట్యాంకు దిమ్మె, ఇంకో పక్క స్తంభం. వాటి మధ్య మేస్త్రి ఎక్కడ సందు దొరికితే అక్కడికి మెట్లను తిప్పుకుంటూ పోయాడు. రెండు మామూలు మెట్లు, మూడోది వెడల్పు మెట్టు, అక్కడ మలుపు. మళ్ళీ రెండు మామూలువి, ఆరోది వెడల్పు, మలుపు. అక్కడి నుంచి జాగా చాలక ఒకటి విడిచి ఒకటి వెడల్పు పెట్టాడు. అంటే ఎనిమిదోది, పదోది వెడల్పు మెట్లు, అక్కడా మలుపులే. పన్నెండోది గది గడప. ఈ లెక్క గుర్తుంచుకుంటే తరువాతిదంతా తేలిక.

డాబా గదికి కుళాయి లేదు. తాగే కుండకు, తుడుపుకు, బాత్రూం డ్రమ్ముకు నీళ్ళన్నీ రెండో అంతస్తు కుళాయి నుంచి నేను మోయాలి. నీళ్ళు మోయడానికి ఒక పద్ధతి ఉంది. బకెట్టును ముప్పావు వంతే నింపాలి. చెప్పులు విడిచి ఎక్కాలి. మామూలు మెట్లను తేలికగా దాటేసి, వెడల్పు మెట్టు మీద కాలు గట్టిగా ఆనించి, ఆ ఊపులోనే బకెట్టు చెయ్యి మార్చుకోవాలి. ఎక్కడా ఆగకూడదు. ఆగితే మోకాలు పట్టేస్తుంది. దిగేటప్పుడు ఖాళీ చేతులతో దిగకూడదు. తుడిచిన మురికి నీళ్ళో, చెత్తో, టీ గ్లాసులో ఏదో ఒకటి పట్టుకుని దిగాలి. ఫ్యాక్టరీలో ట్రే తెచ్చిన మనిషి వట్టి చేతులతో వెనక్కి పోతుంటే సూపర్‌వైజరు నిలబెట్టి అడిగేవాడు. ఆ అలవాటు నాకు అక్కడిదే.

ఇక విక్టర్ సారు గురించి. ఆయనది బొల్లారం. పడుచు వయసులో స్పెయిన్ దేశంలో ఒక హోటలు వంటింట్లో నాలుగేళ్ళు ఉల్లిపాయలు తరిగి, అక్కడే ఒక ముసలాయన దగ్గర ఫ్లమెంకో అనే గిటారు పద్ధతి నేర్చుకొచ్చాడు. ఇందులో తీగలను మీటడమే కాదు, వేళ్ళను విసనకర్రలా విప్పుతూ తీగల మీద కొడతారు, మధ్యలో గిటారు చెక్క మీద గోటితో తడతారు. మొదటిసారి విన్నప్పుడు ఆయనకు ఆ గిటారు మీద ఏదో పాత కోపం ఉందనుకున్నాను. ఆయన పిల్లలకు నేర్పిన వాయింపు పేరు సొలెయా. నెమ్మదైన నడక. పన్నెండు దెబ్బలకు ఒక చుట్టు. అయితే పన్నెండూ ఒకేలా కొట్టకూడదు. మూడు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు, ఈ ఐదింటి మీదే బరువు పడాలి. చుట్టు పూర్తికాగానే ఆగకుండా మళ్ళీ మొదలు.

పిల్లలకు ఇది లెక్కగా వెంటనే వచ్చేసింది. కరీంనగర్ నుంచి వచ్చిన నరేశ్ అనే పిల్లవాడు టెస్టింగ్ కోర్సు చేస్తున్నాడు. అతను పన్నెండు అంకెలూ చార్టు మీద రాసి, బరువు పడే ఐదింటికీ ఎర్ర రంగు వేశాడు. విజయవాడ నుంచి వచ్చిన శిరీష దాన్ని కంప్యూటరులో పట్టికగా చేసి అందరికీ పంచింది. లెక్క తప్పేది కాదు. వాయించడం మాత్రం వచ్చేది కాదు. అంకెలు పెదవుల మీదే నడిచేవి, వేళ్ళు వాటి వెనక పరిగెత్తేవి. తాళం కోసం టక్కుటక్కుమనే చిన్న పెట్టె కూడా పెట్టారు. దానితో ఇంకా కంగారు పెరిగింది. విక్టర్ సారు రోజూ ఒకే మాట అనేవాడు.

"మీరు లెక్క పెడుతున్నరు భాయ్, వాయిస్తలేరు. పోస్టాఫీసుల ముద్దర కొట్టినట్టున్నది."

సెప్టెంబరులో మూర్తి గారు పైకి వచ్చి గడపలో నిలబడి విన్నారు. ఆయనది కోస్తా. మెత్తగా మాట్లాడతారు గాని చెప్పేది గట్టిగా ఉంటుంది.

"ఏంటి విక్టర్ గారూ, మూడు నెలలైందండీ. ఒక్కటైనా మొదలెట్టి చివరిదాకా వాయించడం నేను వినలేదు. పక్కన టెస్టింగ్ వాళ్ళు ఈ గది అడుగుతున్నారు. డిసెంబరులో వార్షికోత్సవం ఉంది. ఆ రోజు ఈ ఐదుగురూ ఒక్కటి, ఒకే ఒక్కటి, మధ్యలో ఆగకుండా వాయిస్తే గది మీది. లేదంటే వాళ్ళకి ఇచ్చేస్తాను."

తరువాత నన్ను చూసి, టెస్టింగ్ వాళ్ళకు ఊడ్చే మనిషి ఉందని, మంచినీళ్ళ డబ్బాలు తెప్పించుకుంటారని, కింద ఊడ్చడానికి రిసెప్షన్ అమ్మాయి ఒప్పుకుందని చెప్పారు. అంటే గిటారు పోతే నా పోస్టు కూడా పోతుంది. ఆ వయసులో మూడో చోటికి వెళ్ళి పని అడగడం నాకు ఇష్టం లేదు. ఆ రోజు నుంచి స్పెయిన్ దేశపు తాళం నాకు కూడా అవసరమైన విషయమైంది.

అలా ఒక పక్షం గడిచింది. ఒక సాయంత్రం నేను నీళ్ళ బకెట్టుతో మెట్లు ఎక్కుతున్నాను. పైన గదిలో చప్పట్లు మొదలయ్యాయి. నేను మూడో మెట్టు మీద కాలు ఆనించగానే గట్టి చప్పట. ఆరో మెట్టు మీద ఆనించగానే మళ్ళీ గట్టి చప్పట. ఎనిమిది, పది, చివరికి గడప. ప్రతి మలుపులో నా కాలూ పైవాళ్ళ చేతులూ ఒక్కటే. నా నడకకు ఎవరో చప్పట్లు కొట్టి ఆట పట్టిస్తున్నారని నాకు అర్థమైంది. బకెట్టు గడప మీద దించి నేరుగా విక్టర్ సారునే అడిగాను.

"ఏంది సారూ, పెద్దమనిషి నీళ్ళు మోస్తుంటే చప్పట్లు కొట్టి నవ్వుకుంటున్నరా?"

"అయ్యో, నిన్ను జూసి ఎందుకు కొడతనమ్మా?"

"మలుపు మలుపుకు గట్టిగ కొట్టిండ్రు. నాకు చెవులున్నయి."

నరేశ్ గిటారు పక్కన పెట్టి చేతులు జోడించాడు. "పెద్దమ్మా, అది నీ గురించి కాదు. స్పెయిన్ దేశం గురించి."

"అయితే స్పెయిన్ దేశంల సుత గీ మెట్లే ఉన్నయా?" అని అడిగాను.

అందరూ నవ్వారు, విక్టర్ సారు తప్ప. ఆయన లేచి గడప దగ్గరికి వచ్చి కిందికి చూశాడు. వేలితో మెట్లు లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. తరువాత చాలా మర్యాదగా, "అమ్మా, జర మల్లొకసారి ఎక్కుతవా?" అన్నాడు. వట్టిగా ఎక్కనని, నీళ్ళు కావాలంటే చెప్పమని అన్నాను. కావాలన్నాడు. ఇంకో బకెట్టు తెచ్చాను. ఆయన కళ్ళు మూసుకుని చప్పట్లు కొట్టాడు, నేను ఎక్కాను. ఎక్కడా తేడా రాలేదు.

ఆయన కుర్చీలో కూలబడి పిల్లలతో అన్నాడు: "నాలుగేళ్ళు ఉల్లిగడ్డలు కోసి నేర్చుకున్న. గీమె నీళ్ళు మోసి నేర్చుకున్నది. నేర్చుకున్న సంగతి సుత ఆమెకు తెల్వదు."

మరునాటి నుంచి క్లాసులో మొదటి అరగంట మెట్ల మీద. నేర్పే బాధ్యత నాకు అప్పజెప్పారు. నా హోదాలో ఇది లేని పని, కాబట్టి షరతులు పెట్టాను. చెప్పులు గది బయట. బకెట్టు ముప్పావు వంతు. నీళ్ళు ఒలకబోసినవాళ్ళే తుడవాలి. పైకి లెక్కపెట్టకూడదు. అందరూ ఒప్పుకున్నారు. విక్టర్ సారు ముందుగా తానే ఎక్కి చూపిస్తానని, ఎనిమిదో మెట్టు మీద సగం నీళ్ళు ఒలకబోసి, షరతు ప్రకారం తానే తుడిచాడు.

నరేశ్‌తోనే కష్టం. అతను బయటికి లెక్కపెట్టడం మానేశాడు గాని పెదవులు ఆడుతూనే ఉండేవి. రెండు రోజులు చూశాను. మూడో రోజు నోటినిండా నీళ్ళు పోసుకుని ఎక్కమన్నాను. ఆరో మెట్టు దాకా బుగ్గలు పొంగించుకుని బాగానే వచ్చాడు. ఎనిమిదో మెట్టు మీద గుటుక్కున మింగేసి, "పెద్దమ్మా, ఎనిమిది అనబుద్ధయింది," అన్నాడు. మళ్ళీ కింది నుంచి ఎక్కించాను. వారం రోజులకు బుగ్గలు గడప దాకా నిలిచాయి.

శిరీష ఒక రోజు ట్యాంకు దిమ్మె మీద కూర్చుని మొరాయించింది.

"మామ్మగారూ, మా నాన్నగారు నన్ను సాఫ్ట్‌వేరుకని పంపించారండీ. నీళ్ళు మొయ్యడానికి కాదు."

మామ్మ అనిపించుకునేంత వయసు నాకు ఇంకా రాలేదని చెప్పి, వాళ్ళ నాన్న నంబరు కలిపి ఇస్తే నేనే మాట్లాడతానని అన్నాను. ఆ అమ్మాయి లేచి బకెట్టు అందుకుంది.

దిగేటప్పుడు వట్టి చేతులతో దిగడం మాత్రం నేను ఎవరికీ సాగనివ్వలేదు. మురికి నీళ్ళ బకెట్టో, చెత్త బుట్టో పైన సిద్ధంగా పెట్టేదాన్ని. నీళ్ళతో ఎక్కినవారు చెత్తతో దిగాలి, మళ్ళీ నీళ్ళతో ఎక్కాలి. ఐదుగురు మనుషులు అరగంట సేపు వస్తూ పోతూ పనిచేస్తే ఎంత పని సాగుతుందో చూసి నాకు సంతృప్తిగా ఉండేది. డాబా గది అద్దంలా ఉండేది. కుండలు, డ్రమ్ము, చివరికి పూల తొట్లు కూడా నిండిపోయేవి. ఒక రోజు యాదగిరి మెట్ల మొదట్లో నిలబడి అరిచాడు.

"ఏంది సత్తెమ్మా, ట్యాంకు ఖాళీ అయితున్నది. పైన గిటారు నేర్పుతున్నరా, ఈత నేర్పుతున్నరా?"

నేను ఇంకో బకెట్టు నింపి పైకి పంపాను.

ఇరవై రోజులకు ఫలితం కనిపించింది. గిటారు పట్టుకున్నప్పుడు విక్టర్ సారు అంకెలు చెప్పడం మానేసి, "కాలు ఆనించు, చెయ్యి మార్చు," అనేవాడు. ఎక్కడ కాలు ఆనిందో అక్కడ బొటనవేలు తీగ మీద బరువుగా పడేది. మిగిలినవి మామూలు మెట్లలా తేలికగా దొర్లిపోయేవి. చార్టు గోడ మీద నుంచి తీసేశారు. దాని వెనకవైపు ఖాళీగా ఉంది కనుక నేను మడిచి దాచుకున్నాను.

అసలు చిక్కు నవంబరు ఆఖరున వచ్చింది. అప్పటిదాకా ఒక్కొక్క చుట్టు వాయించి ఆపేవారు. ఇప్పుడు ఆపకుండా చుట్టు వెంట చుట్టు వాయించడం మొదలుపెట్టారు. మొదటి చుట్టు చక్కగా వచ్చింది. రెండోది తప్పింది. మూడోది మళ్ళీ చక్కగా వచ్చింది. నాలుగోది తప్పింది. విచిత్రం ఏమిటంటే ఐదుగురూ కలిసి తప్పారు. ఒకరి వేలు కూడా పక్కవాడి వేలికి తేడా లేదు. తప్పిన చుట్టులో విక్టర్ సారు చప్పటకూ వాళ్ళ వాయింపుకూ ఆరులో, పన్నెండులో కుదిరేది. మిగిలిన చోట్ల ఆయనొక దారి, వాళ్ళొక దారి.

ఆయన మొదట టక్కుటక్కు పెట్టెను అనుమానించి బ్యాటరీలు మార్చాడు. తరువాత పిల్లలను అనుమానించాడు. ఆఖరుకు తనను తానే అనుమానించుకున్నాడు. పాత క్యాసెట్లన్నీ బయటికి తీసి విన్నానని మరునాడు చెప్పాడు.

"ఐదుగురు ఒక్కటే తప్పు చేస్తే అది వాళ్ళ తప్పనాల్నా, నా తప్పనాల్నా? నా గురువే నాకు తప్పు నేర్పిండేమో."

"ఫికర్ చెయ్యకుండ్రి సార్," అన్నాడు నరేశ్. "మా టెస్టింగుల చెప్తరు. ఎప్పుడో ఒకసారి వచ్చే తప్పు దొరకదు. ఠంచనుగ వచ్చే తప్పు దొరుకుతది."

"ఎప్పుడు దొరుకుతది?"

"అది చెప్పలేదు సార్."

ఆ సాయంత్రం నేను గడప పక్కన నా స్టూలు మీద కూర్చుని పాత పేపర్లు మడుస్తున్నాను. వాళ్ళు వాయిస్తున్నారు. మొదటి చుట్టులో నాకేమీ అనిపించలేదు. రెండో చుట్టు మొదలై రెండో దెబ్బ పడగానే నా కుడి మోకాలు కలుక్కుమంది. నాలుగో దెబ్బకు మళ్ళీ అంది. మూడో చుట్టులో నొప్పి లేదు. నాలుగో చుట్టులో తిరిగి మొదలైంది. కూర్చున్న మనిషికి మోకాలు ఎందుకు నొయ్యాలి? నా కుడి మోకాలికి ఎక్కేటప్పుడు ఏ బాధా లేదు. దిగేటప్పుడే నొప్పి. అదీ గడప నుంచి రెండో మెట్టు దగ్గర మొదలవుతుంది.

అప్పుడు అర్థమైంది. వీళ్ళు ఒక చుట్టు ఎక్కుతున్నారు, ఒక చుట్టు దిగుతున్నారు. పై నుంచి దిగేటప్పుడు వెడల్పు మెట్లు తలకిందులుగా వస్తాయి. రెండు, నాలుగు, ఆరు, తొమ్మిది, పన్నెండు. ఎక్కేటప్పుడు నీళ్ళ బరువుతో ఎలా కాలు ఆనించి నడిచారో, దిగేటప్పుడు చెత్త బకెట్టు బరువుతోనూ అలాగే నడిచారు. వాళ్ళ ఒంటికి రెండూ పట్టాయి. దిగే పాఠం విక్టర్ సారు చెప్పలేదు. నేను పెట్టిన బకెట్టు చెప్పింది.

ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. మరునాడు కూడా చెప్పలేదు. పదకొండేళ్ళ ఫ్యాక్టరీ నౌకరీలో నాకు ఒక్క మెమో రాలేదు. వట్టి చేతులతో తిరగనన్న నా మాటను ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు పదిమంది ముందు మెచ్చుకున్నాడు. అలాంటి మాట వల్ల చెడు జరిగిందని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. పేపర్లు అవసరానికి మించి మడిచాను.

మూడో రోజు విక్టర్ సారు గిటారును సంచిలో పెట్టి జిప్పు లాగాడు. వార్షికోత్సవానికి పది రోజులే ఉందని, అక్కడ నవ్వులపాలు కావడం కన్నా ముందే మూర్తి గారికి చెప్పి గది వదిలేయడం మర్యాద అని, కిందికి వెళ్ళబోయాడు. నేను స్టూలు దారికి అడ్డంగా జరిపాను.

"కూసోండి సారూ. తప్పు మీ గురువుది కాదు, పిల్లలది కాదు. నాది."

మోకాలి సంగతి, చెత్త బకెట్టు సంగతి, తలకిందుల మెట్ల సంగతి వరసగా చెప్పాను. ఆయన నమ్మలేదు. గడప నుంచి కిందికి దిగుతూ తానే చప్పట్లు కొట్టుకున్నాడు. మెట్ల అడుగున ఆగిపోయాడు. చప్పట్లు కొట్టుకుంటూ మళ్ళీ పైకి ఎక్కాడు. వచ్చాక, "అమ్మా, మూడు రోజులు నేను సచ్చిపోయిన ముసలాయనను తిట్టుకున్న," అన్నాడు. తిట్లు వెనక్కి తీసుకోమని చెప్పాను. నరేశ్ మెల్లగా, "చెప్పిన కదా సార్, దొరుకుతదని," అన్నాడు. శిరీష అతని వైపు చూసిన చూపుకు వెళ్ళి గిటారు అందుకున్నాడు.

సరిచేసే పద్ధతి కూడా నేనే చెప్పవలసి వచ్చింది. ఎక్కడమే ఉండాలి, దిగడం లెక్కలోకి రాకూడదు. అందుకని ఐదుగురినీ వరసలో పెట్టాను. ఒకరు గడప మీద కాలు పెట్టగానే కింద ఇంకొకరు మొదటి మెట్టు ఎక్కాలి. అలా ఎక్కుడు ఆగదు. పైకి చేరినవారు బకెట్టు అక్కడే దించి, గోడకు ఆనుకుని, కాలి చప్పుడు లేకుండా, వట్టి చేతులతో దిగిపోవాలి. ఇరుకు మెట్లు కనుక చేతిలో ఏదైనా ఉంటే ఎదురొచ్చేవారికి దారి ఉండదు.

వయసులో ఉన్న ఐదుగురు మనుషులు చేతులు ఊపుకుంటూ మెట్లు దిగుతుంటే చూడడం నాకు సులువు కాలేదు. మొదటి రోజు ముఖం గోడవైపు తిప్పుకుని నిలబడ్డాను. పైన బకెట్లూ బుట్టలూ పేరుకుపోయేవి. క్లాసు అయిపోయాక అన్నిటినీ నేనే దించుకునేదాన్ని. నాలుగో రోజుకు రెండో చుట్టు దారికి వచ్చింది. ఆరో రోజుకు ఏ చుట్టు ఎన్నోదో తెలియకుండా పోయింది. నేను స్టూలు మీద కూర్చుని పరీక్షించాను. మోకాలు నొయ్యలేదు.

వార్షికోత్సవం పంజాగుట్టలో ఒక హాలులో జరిగింది. నా డ్యూటీ అతిథులకు సమోసాలు, టీ. గిటారు కార్యక్రమం అయిన వెంటనే ఇవ్వాలని మూర్తి గారి ఆర్డరు. స్టేజీ మీద చదునైన చెక్కలు, పక్కన ఎక్కడానికి నాలుగే మెట్లు. ఆ మెట్లు చూసి పిల్లల ముఖాలు వాడిపోయాయి. నన్ను స్టేజీ పక్కన, తమకు కనిపించే చోట స్టూలు వేసుకుని కూర్చోమని విక్టర్ సారు అడిగాడు. చప్పట్లు కొట్టాలా అంటే, వద్దు, కూర్చుంటే చాలన్నాడు. ఆయా స్టేజీ ఎక్కకూడదు, పక్కన కూర్చోవచ్చు. కూర్చున్నాను.

మొదటి రెండు చుట్లు బిగుసుకుపోయి వాయించారు. నరేశ్ పెదవులు ఆడడం నాకు కనిపించింది. ఇంకో నాలుగు దెబ్బలు అలాగే పోతే వేళ్ళు వెనకబడతాయి. అతను నా వైపు చూసేదాకా ఆగి, నా బుగ్గలు రెండూ పొంగించాను. నోటినిండా నీళ్ళున్నట్టు. అతను వెంటనే నోరు మూసి తానూ బుగ్గలు పొంగించాడు. ముందు వరసలో ఒకాయన తన భార్య వైపు తిరిగి ఏదో అడిగాడు. కానీ మూడో చుట్టు నుంచి బరువు పడవలసిన చోట పడింది. మిగిలినవి దొర్లిపోయాయి. నేను కూర్చున్న చోటే నా కాలి బొటనవేలు ఒక్కొక్క మలుపులో నేలకు ఆనుతోంది. హాలులో దగ్గులు ఆగిపోయాయి.

అంతలో పక్క తలుపు దగ్గర టీ డ్రమ్ము కనిపించింది. టీ మనిషి పది నిమిషాలు ముందే తెచ్చేశాడు. అతను మూత సరిగా పెట్టలేదు. ఆవిరి పోతోంది. అంతమంది టీ చల్లారితే మళ్ళీ కాచడానికి గ్యాసు దండుగ. చుట్టు సగంలో లేవడం పద్ధతి కాదని పది దాకా కూర్చుని, సరిగ్గా పన్నెండో దెబ్బకు స్టూలు మీద నుంచి లేచాను.

ఐదుగురూ అదే దెబ్బ మీద ఆపేశారు. గడప వచ్చింది, నేను బకెట్టు దించాను అనుకున్నారు. ఐదు చేతులు తీగల మీద పడి ఒక్కసారే నోరు మూయించాయి. ఇంకా నాలుగు చుట్లు మిగిలి ఉన్నాయని విక్టర్ సారు తరువాత చెప్పాడు. హాలు చప్పట్లతో నిండింది. ఆ చప్పట్లలో తాళం ఏమీ లేదు.

మూర్తి గారు టీ దగ్గరికి వచ్చి విక్టర్ సారు చెయ్యి పట్టుకున్నారు.

"వాయించడం నాకంతగా తెలీదండీ. ఆ ఆపడం మాత్రం, ఏంటండీ అది, కత్తితో కోసినట్టు ఆపారు."

"మస్తు ప్రాక్టీసు చేసినం సార్," అన్నాడు విక్టర్ సారు, నా వైపు చూడకుండా.

గది మాకే ఉండిపోయింది. టెస్టింగ్ వాళ్ళు పక్క బిల్డింగులో చోటు చూసుకున్నారు. నరేశ్‌కు మాదాపూర్‌లో, శిరీషకు బెంగుళూరులో ఉద్యోగాలు వచ్చాయి. తరువాతి బ్యాచ్‌లకు కూడా అవే మెట్లు, అదే బకెట్టు, అదే వరస. నేను ఇంకో ఏడేళ్ళు చేసి, మోకాలు ఎక్కేటప్పుడు కూడా నొయ్యడం మొదలయ్యాక పని మానుకున్నాను. ఈ రోజుకూ నేను చేసిన ఏ పనిలోనూ సామాను గాని నీళ్ళు గాని దండుగ చేయలేదు.

ఈ సంఘటన వల్ల నా పద్ధతిలో మారింది ఒక్కటే. పని నేర్చుకుంటున్న మనిషికి రాకకూ పోకకూ రెండింటికీ బరువు ఎత్తకూడదు. అలా ఎత్తితే ఒళ్ళు రెండూ నేర్చుకుంటుంది. ఎక్కేది ఏదో దిగేది ఏదో తరువాత దానికి తెలియదు. దిగేటప్పుడు ఖాళీగా దిగనివ్వాలి. చెత్త బకెట్టు పని అంతా అయ్యాక ఒకేసారి దించుకోవచ్చు.